1933 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం కొనవచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. ఆరేళ్లుగా పాత అమెరికన్ బంగారు నాణేలు ఒక్కొక్కటిగా కొంటున్నాను. 1908, 1924 నాటి ఇరవై డాలర్ల నాణేలు, 1911 నాటి రెండున్నర డాలర్ల నాణెం ఉన్నాయి. అన్నీ డీలర్ల దగ్గర బిల్లుతో కొన్నవే. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో బంగారం ఉంచుకోవడం నేరం చేశారట. ఇప్పుడు ప్రభుత్వం వీటిని తీసేసుకోగలదా? ఇంకో సంగతి. తెలిసినాయన ఒకరు, తాతగారి నుంచి వచ్చిందంటూ 1933 నాటి ఇరవై డాలర్ల నాణెం 40 వేల డాలర్లకు ఇస్తానంటున్నారు. కొనవచ్చా? డిసెంబరులో హైదరాబాద్ వెళ్తున్నాం. అమ్మ ఒక నాణేన్ని లాకెట్ చేయించుకుంటానంటోంది. తీసుకెళ్తే ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ముందు రెండో ప్రశ్నకు చెబుతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. ఆ 1933 నాణెం కొనకండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. అది నకిలీ అయితే మీ డబ్బు పోతుంది. అసలుదే అయితే డబ్బూ పోతుంది, నాణెమూ పోతుంది.

కారణం ఆ నాణెం పుట్టుకలోనే ఉంది. అగస్టస్ సెయింట్ గాడెన్స్ అనే శిల్పి రూపం ఇచ్చిన ఈ ఇరవై డాలర్ల నాణేన్ని 1907 నుంచి 1933 దాకా ముద్రించారు. ఆఖరి ఏడాది ఫిలడెల్ఫియా టంకశాలలో 4,45,500 నాణేలు తయారయ్యాయి. అయితే ఆ ఏప్రిల్‌లోనే రూజ్‌వెల్ట్ బంగారం అప్పగించాలని ఉత్తర్వు ఇవ్వడంతో, వీటిలో ఒక్కటీ చట్టబద్ధంగా జనంలోకి విడుదల కాలేదు. రెండు నాణేలు స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చి మిగతావి కరిగించేశారు. కరిగించే లోపే కొన్ని బయటికి జారిపోయాయి. అవి ఇజ్రాయెల్ స్విట్ అనే ఫిలడెల్ఫియా నగల వ్యాపారి చేతుల మీదుగా అమ్ముడయ్యాయని సీక్రెట్ సర్వీస్ 1944లో మొదలుపెట్టిన దర్యాప్తులో తేలింది. తర్వాతి ఏళ్లలో దొరికినవాటిని కలెక్టర్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో చాలామంది డబ్బు పెట్టి, ఏ దురుద్దేశమూ లేకుండా కొన్నవాళ్లే.

ఇక్కడ మీకు న్యాయమైన సందేహం రావచ్చు. జేబులోని నోటు ఎప్పుడో ఎవరో దొంగిలించినదైనా, తెలియక సరుకుకు బదులుగా పుచ్చుకున్న కొట్టువాడికి అది దక్కుతుంది కదా, నాణేనికి ఆ నియమం వర్తించదా అని. నగదుకు ఆ రక్షణ ఉన్నమాట నిజమే. కానీ 1933 నాణెం నగదుగా విడుదలే కాలేదు. చట్టం దృష్టిలో అది టంకశాల గోదాములోంచి పోయిన ప్రభుత్వ సొత్తు. దొంగ సొత్తు మీద దొంగకే హక్కు లేదు, అతని దగ్గర కొన్నవాడికి హక్కు ఎక్కడినుంచి వస్తుంది? ఎన్ని చేతులు మారినా, ఎన్నేళ్లు గడిచినా అంతే.

తాతగారి వారసత్వం అన్నది కూడా కోర్టులో నిలవదు. ఇదే మాటతో స్విట్ కూతురు, మనవలు పోరాడారు. వాళ్లకు కుటుంబ లాకర్లో పది 1933 నాణేలు దొరికాయి. అసలువో కాదో చూడమని 2004లో టంకశాలకు ఇచ్చారు. టంకశాల అసలువే అని చెప్పి తనే ఉంచేసుకుంది. 2011లో జ్యూరీ ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. 2015లో అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జిల బెంచి, ప్రభుత్వం గడువు పాటించలేదన్న కారణంతో కుటుంబానికి అనుకూలంగా చెప్పింది. 2016లో అదే కోర్టు పూర్తి బెంచి దాన్ని తిరగరాసింది. 2017లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. పన్నెండు పదమూడేళ్లు నడిచిన వివాదం. ఆ కుటుంబం మీద నాకు సానుభూతి ఉంది, నమ్మి ఇచ్చిన వస్తువు వెనక్కి రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయినా చట్టం ఎటు ఉందో ఇప్పుడు స్పష్టం.

సొంతానికి ఉంచుకోవడానికి అనుమతి ఉన్న 1933 ఇరవై డాలర్ల నాణెం ఒక్కటే. దానికి ఈజిప్టు రాజు ఫరూక్ పేరు మీద అమెరికా ట్రెజరీ 1944లో పొరపాటున ఎగుమతి లైసెన్సు ఇచ్చింది. 1996లో న్యూయార్క్‌లో అది బయటపడినప్పుడు బ్రిటిష్ డీలరును అరెస్టు చేశారు. లైసెన్సు ఉందని తేలాక రాజీ కుదిరి, 2002లో వేలం వేస్తే 75 లక్షల డాలర్లు దాటింది. కొన్నాయన దాని మీద ఇంకో 20 డాలర్లు కట్టాల్సి వచ్చింది, అప్పటిదాకా విడుదల కాని నాణేన్ని అధికారికంగా విడుదల చేసినందుకు. 2021లో అదే నాణెం 1.89 కోట్ల డాలర్లకు పోయింది. అలాంటిది మీకు 40 వేలకు ఎందుకు వస్తుంది?

ఇంకో మాట, కాస్త కటువుగానే చెప్పాలి. ప్రభుత్వ సొత్తు దొంగిలించినదని తెలిసీ తీసుకుని సొంతం చేసుకుంటే ఫెడరల్ నేరం. విలువ వెయ్యి డాలర్లు దాటితే పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇంతవరకు మీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తున్న కుటుంబానికి ఇలాంటి కేసు తెచ్చే నష్టం నాణెం విలువకు ఎన్నో రెట్లు. ఆయనతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. కొనట్లేదని మర్యాదగా చెప్పి, తనకూ ఒక లాయరును కలవమని చెప్పండి.

ఏడాది చూసి మాత్రమే భయపడకండి. 1933 నాటి పది డాలర్ల నాణేలు కొన్ని ఆ ఉత్తర్వుకు ముందే పద్ధతి ప్రకారం విడుదలయ్యాయి. అవి అరుదు, ఖరీదు, కానీ చట్టబద్ధం.

ఇక మీ దగ్గరున్న మూడు నాణేలు. వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. 1933 ఏప్రిల్ 5 నాటి 6102 నంబరు ఉత్తర్వులోనే, కలెక్టర్ల దృష్టిలో ప్రత్యేక విలువ ఉన్న అరుదైన నాణేలకు మినహాయింపు ఉంది. మనిషికి వంద డాలర్ల దాకా మామూలు బంగారు నాణేలు ఉంచుకునే వీలూ అప్పట్లో ఉండేది. అప్పటి ట్రెజరీ కార్యదర్శి విలియం వుడిన్ స్వయంగా నాణేల కలెక్టరన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఆ ఆంక్షలన్నీ 1974 డిసెంబరు 31తో తొలగిపోయాయి. మీ 1924 నాణెం లాంటివి ఆ ఏడాది ఫిలడెల్ఫియాలోనే 43 లక్షలకు పైగా ముద్రించారు. వ్యాపార చెల్లింపుల కింద యూరప్ బ్యాంకులకు వెళ్లినవే కరగకుండా ఎక్కువగా మిగిలి, తర్వాత తిరిగొచ్చాయి.

అయితే ఆ పాత మినహాయింపును చూపించి, 'ప్రభుత్వం మళ్లీ బంగారం లాక్కుంటుంది, పాత నాణేలను మాత్రం ముట్టుకోదు' అని ఫోన్లు చేసి ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్లున్నారు. రేపటి చట్టం గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ మాట విన్న వెంటనే ఫోన్ పెట్టేయండి.

1911 నాణెం మీద డెన్వర్ టంకశాల గుర్తు 'డి' ఉంటే మాత్రం, నాణేలను పరీక్షించి ధ్రువీకరించే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సంస్థకు పంపి పరీక్ష చేయించండి. డెన్వర్‌లో ఆ ఏడాది ముద్రించినవి 55,680 మాత్రమే. అందుకే మామూలు 1911 నాణేనికి ఆ అక్షరం అతికించి మోసం చేస్తుంటారు. నకిలీ అని తేలితే డీలరును నిలదీయడానికి మీ బిల్లే ఆధారం.

బిల్లుల అవసరం పన్నుకీ ఉంది. ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే, లాభం మీద ఫెడరల్ పన్ను షేర్ల మాదిరి 15, 20 శాతం దగ్గర ఆగదు. నాణేలను సేకరణ వస్తువులుగా లెక్కగట్టి 28 శాతం దాకా వేస్తారు. కొన్న ధర చూపించలేకపోతే అమ్మిన మొత్తమంతా లాభమే అనే ప్రమాదం ఉంది. ఇంటి ఇన్సూరెన్సు కూడా ఒకసారి చదవండి. మామూలు పాలసీల్లో బంగారానికీ నాణేలకూ కలిపి 200 డాలర్లే పరిమితి ఉండటం చాలాసార్లు చూశాను.

అమ్మగారి లాకెట్ సంగతి. మోసం చేసే ఉద్దేశంతో నాణేన్ని మార్చడమే అమెరికాలో నేరం, నగ చేయించుకోవడం కాదు. ఇరవై డాలర్ల నాణెం 33.4 గ్రాములు, నాలుగు కాసుల పైమాటే. బంగారం 90 శాతం, అంటే మన 22 క్యారట్ల కంటే కాస్త తక్కువ. కానీ టంకం పడిన క్షణం నుంచి కలెక్టరు దృష్టిలో అది వట్టి బంగారమే.

ఇండియాకు తీసుకెళ్తే శంషాబాద్‌లో కస్టమ్స్ రెడ్ చానెల్‌కి వెళ్లి చెప్పండి. విదేశాల్లో ఏడాదికి పైగా ఉన్నవాళ్లకిచ్చే సుంకం మినహాయింపు నగలకే, నాణేలకు కాదు. సుంకం రేట్లు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు చూసుకోండి. చాలామందికి తట్టని చిక్కు ఇంకొకటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి రావచ్చు. ఆ నిర్వచనంలో భారతీయ నాణెమే అన్న షరతు లేదు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ మూడు నాణేలకూ నూరేళ్లు దాటాయి. అమ్మగారికి చూపించి వెనక్కి తెచ్చుకుందామనుకుంటే తిరుగు ప్రయాణంలో ఆపేయవచ్చు. అందుకని వాటిని అమెరికాలోనే లాకర్లో ఉంచి, అమ్మగారికి లాకెట్ హైదరాబాద్‌లోనే వేరే బంగారంతో చేయించండి.