మర్రిగూడ వెళ్లే ముందు

అమ్మడూ,

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు తీయడానికి వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పింది అనడం కంటే నా మీద విరుచుకుపడింది అనడం సబబు. నా పిచ్చే నీకు అంటుకుందట. ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తరువాత భయం వేసింది. నల్లగొండలో పత్రికలకు ఫొటోలు తీస్తూనే తల నెరిసినవాణ్ణి, అక్కడ దేనికి భయపడాలో నాకు తెలుసు. మీ అమ్మ భయపడుతున్నది దానికి కాదు.

ఆవిడ బెంగ నీళ్ల గురించి. కొద్ది రోజులు ఆ ఫ్లోరైడు బోరు నీళ్లు తాగినంత మాత్రాన ఎముకలు వంగవు. అది ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. అంచేత ఎవరైనా చెంబుతో నీళ్లిస్తే మారు మాట్లాడకుండా తాగు. వాళ్ల అరుగు మీద కూర్చుని సంచిలోంచి సీసా బయటికి తీశావంటే ఆ ఇంట్లో ఇక నీకు ఫొటో లేదు.

బ్యాటరీలు, కార్డులు అదనంగా ఉంచుకో. ఏ రోజు ఫొటోలు ఆ రాత్రే ఇంకోచోట కాపీ చేసుకో. పొడుగు లెన్సు ఇంట్లో వదిలేసి వెళ్లు, 35 ఎంఎం చాలు. దూరం నుంచి తీసిన మనిషి దూరంగానే ఉండిపోతాడు. తీసిన ప్రతివాళ్లకూ ఒక ప్రింటు తీసుకెళ్లి ఇవ్వు. ఇవన్నీ నీకు తెలియనివి కావు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ జబ్బును మన దేశంలో 1937లోనే నెల్లూరు వైపు గుర్తించి రాశారు. నల్లగొండలో 1945లో బట్లపల్లిలో బయటపడింది. తప్పు ఎవరిదంటే ముందు నేలదే. ఆ గ్రానైటు రాతిలోని ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. అక్కడ దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తరతరాలుగా తాగారు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసింది ఆ జిల్లాలోనే. కృష్ణ పక్కనే పారుతున్నా మెట్ట మీది ఈ ఊళ్లకు గుక్కెడు మంచినీళ్లు ఎక్కిరాలేదు. ఇక్కడ తప్పు నేలది కాదు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నల్లాలు వచ్చాయి. మంచి పని, కాదని ఎలా అంటాను? కానీ నీళ్లు వచ్చాక కెమెరాలు వెళ్లిపోయాయి. వంగిన ఎముక నల్లా నీళ్లకు నిటారు కాదు కదా. నువ్వు వెళ్తున్నది ఆ మిగిలిపోయినవాళ్ల కోసమని తెలిసి, మీ అమ్మకు చెప్పలేదు గానీ, నా ఛాతీ కాస్త ఉబ్బింది.

అయితే ఆ కాళ్ల ఫొటో మళ్లీ తీసుకురాకు. వంకర కాళ్లు, పక్కన చేతికర్ర, వెనక మట్టిగోడ. దేశమంతా చూసి, అయ్యో అని, మరిచిపోయిన ఫొటో అది. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో తియ్యి. వెన్నూ మెడా బిగుసుకుపోయిన ఒక ముసలమ్మ నీళ్లు తాగడం చూశాను. మనమైతే తల వెనక్కి వాల్చి చెంబు ఎత్తి పోసుకుంటాం. ఆమెకు తల వాలదు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని, పెదవికి ఆనించి, మనిషి మొత్తం మోకాళ్ల దగ్గర నుంచి కొంచెం వెనక్కి వంగేది. నోట్లోకి పోయినంత, గడ్డం మీదుగా జారినంత. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక పాదాలు జరుపుకుంటూ ఒంటినంతా తిప్పి చూసేది. అలాంటివాళ్లను నిలబడి తీస్తే నడినెత్తి వస్తుంది, ముఖం రాదు. కింద కూర్చో. బట్టలకు మట్టి అంటుతుందని చూసుకోకు.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి కూడా వాళ్లతో వెళ్లు. ఆ సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం ఉంటేనే పింఛను. దానికోసం ఆసుపత్రి దాకా ఎలా చేరుతున్నారో, బస్సు మెట్టు ఎవరు ఎక్కిస్తున్నారో, వరుసలో ఎంతసేపు నిలబడుతున్నారో తియ్యి. ఆ ఫొటోల్లో జబ్బూ ఉంటుంది, ప్రభుత్వమూ ఉంటుంది. మా రోజుల్లో ప్రభుత్వాన్ని ఫ్రేములోకి తెచ్చే ఓపిక మాకు ఉండేది కాదు. రాత్రికల్లా ఫొటో ఆఫీసు చేరాలి.

నా భయం ఏమిటో చెబుతాను, ఓపిగ్గా చదువు. నాతో పనిచేసిన ఒక ఫొటోగ్రాఫరు ఉండేవాడు. నాకంటే మంచి చెయ్యి. పేరు ఎందుకులే, ఇప్పుడు లేడు. ఒక ఇంట్లో మంచం మీద వంగిపోయిన తండ్రిని తీశాడు. వెనక గుమ్మంలో బిందె పట్టుకుని కూతురు నిలబడి ఉంది. పెళ్లీడు పిల్ల. పళ్ల మీద గోధుమరంగు చారలు తప్ప ఆమెకు ఏ జబ్బూ లేదు. గుమ్మంలోంచి వెలుగు ఆమె ముఖం మీద పడి ఫొటో అద్భుతంగా కుదిరింది. తండ్రిని అడిగే తీశాడు. ఊరి పేరు, ఇంటి పేరు, అన్నీ సరిగ్గా రాసి పంపాడు. డెస్కులో ఎవరో కింద ఒక వాక్యం చేర్చారు, ఆ ఊళ్లో పుట్టినవాళ్లందరిదీ ఇదే గతి అని. మొదటి పేజీలో వచ్చింది. ఆఫీసులో అందరం వాడి భుజం తట్టాం.

ఆ పిల్లకు అప్పటికే సంబంధం కుదిరి ఉంది. అవతలివాళ్లు పేపరు చూసి వద్దన్నారు. ఫ్లోరోసిస్ నీళ్ల వల్ల వచ్చేది, తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చేది కాదని డాక్టరును వెంటబెట్టుకుని వెళ్లి చెప్పించినా వినలేదు. అసలే ఆ ఊళ్లకు పిల్లనివ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా జంకేవాళ్లు. ఈ ఫొటో ఆ జంకుకు అచ్చు వేసిన సాక్ష్యమైంది. ఆ తరువాత మేం ఆ ఊరికి వెళ్తే జీపు చెరువుకట్ట మీదే ఆపేశారు. ఆ తండ్రి కర్ర ఊతంగా అంత దూరం వచ్చి ఒక్కటే అడిగాడు. "నా ఫొటో వేసుకోమన్నాను. నా బిడ్డది వేసుకోమన్నానా?" వాడు జవాబు చెప్పలేకపోయాడు. జీపు తిప్పుకుని వచ్చేశాం. దారిలో ఎవరం మాట్లాడలేదు.

ఆ ఫొటోలో అబద్ధం ఏదీ లేదు, దొంగచాటుగా తీసిందీ కాదు. అందుకే నీకు ఇంతగా చెబుతున్నాను. ఫ్రేములో ఎంతమంది ఉంటే అంతమందినీ అడగాలి, గుమ్మంలో నిలబడ్డవాళ్లతో సహా. ఇప్పుడు పేపరు దాకా ఎందుకు, నువ్వు బస్సు ఎక్కేలోపే ఆ ఫొటో ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది. ఈ రోజు సరేనన్నవాళ్లు రేపు వద్దంటే దానికీ తల ఒగ్గాలి. అమెరికా ఫొటోగ్రాఫరు యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ 1971లో జపాను వెళ్లి మినమాటాలో మూడేళ్లు ఉన్నారు. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసానికి బలైనవాళ్ల మధ్యే ఇల్లు తీసుకున్నారు. ఒక తల్లి తన కూతురికి స్నానం చేయిస్తున్న ఫొటో ఒకటి ప్రపంచం మొత్తాన్నీ కదిలించింది. ఆ పిల్ల పోయాక చాలా ఏళ్లకు తల్లిదండ్రులు ఇక ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వండి అంటే, 1998లో ఐలీన్ ఆ ఫొటోను ఇకపై అచ్చుకు ఇవ్వనని ఒప్పుకుంది. అంతటి ఫొటోనే పక్కన పెట్టగా లేనిది, మన ఫొటోలు ఎంత?

పిల్లల్ని మాత్రం ఏదీ పళ్లు చూపించు అని అడిగావంటే నేను ఊరుకోను. ఆ మాట విని విని పెరిగిన తరం ఒకటి అక్కడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఏడెనిమిదేళ్లలోపు, తాగిన నీళ్లే ఆ మచ్చలు. నల్లా వచ్చాక పుట్టి మంచినీళ్లతోనే పెరిగిన పిల్లలకు అవి ఉండకూడదు. ఒకే ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, మనవరాలు కలిసి నవ్వే క్షణం దొరికితే తియ్యి. దొరకాలి గానీ నువ్వు అడిగి నవ్వించకూడదు. ఎన్ని రోజులు పట్టినా కూర్చో.

ఇంకొక్క షరతు. నీ ఫొటోలు నాకు తరువాత చూపించవచ్చు. కింద ఏం రాస్తున్నావో ముందు నాకు పంపు. ఊరి పేరు అవసరమా, ఇంటి పేరు అవసరమా, ఒక్కొక్కటీ కూర్చుని చూస్తాను. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలూ కనిపిస్తున్నాయి.

మీ అమ్మకు నీళ్ల గురించి నేను సర్ది చెబుతాను. సెలవుకు జీతం వస్తుందా రాదా అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది నువ్వే చెప్పుకో.

మీ మామయ్య