డిపార్ట్‌మెంట్ టీవీలో వాతావరణ మ్యాపులు: పాత బొమ్మతోనే అసలు చిక్కు

రోజూ ఎవరో ఒకరు మ్యాపులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వరండా టీవీకి పెడుతున్నాం, వాటంతట అవే మారేలా చేయొచ్చా అని అడిగారు కదా. చేయొచ్చండీ. కాకినాడ దగ్గర నేను పనిచేసిన డిపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళు ఇదే నడిపాను. టీవీ వెనక ఒక రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), అందులో అరగంటకోసారి శాటిలైట్ బొమ్మని, అంతకంటే తరచుగా మచిలీపట్నం రాడార్ బొమ్మని దించే చిన్న స్క్రిప్టు, వాటిని తెర మీద చూపించడానికి ఫెహ్ అనే ప్రోగ్రాము. ఒక సాయంత్రం పని. మన వాతావరణ శాటిలైట్ ఇన్‌శాట్ త్రీడీఆర్ బొమ్మ వచ్చేదే అరగంటకోసారి కాబట్టి నిమిషానికోసారి ఆ బొమ్మలిచ్చే సర్వర్‌ని పీడించకండి.

తలనొప్పంతా పాత బొమ్మతోనే. ఒక నవంబరులో తుఫాను వస్తోందని అందరూ ఈ బొమ్మలిచ్చే సైట్‌నే తెరిస్తే అది మొరాయించింది, మ్యాపు బదులు ఎర్రర్ పేజీ వచ్చి బొమ్మ పేరుతోనే సేవ్ అయింది, ఫెహ్ దాన్ని తెరవలేక ముందు రోజు సాయంత్రం బొమ్మనే తెర మీద ఉంచేసింది. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? కాట్రేనికోన వైపు కుర్రాడొకడు అది చూసి ఇంటికి ఫోన్ చేసి, మబ్బు ఇంకా సముద్రంలోనే ఉంది నాన్నా, పనలు రేపు ఎత్తుకోవచ్చు అన్నాడు. 1996 తుఫాను చూసిన మనిషి ఆయన, "గాలి తిరిగిందిరా, నీ టీవీ సంగతి నాకెందుకు" అని ఆ రాత్రే కుప్ప వేయించాడట. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

అప్పటి నుంచి బొమ్మని వేరే పేరుతో దించి, అది నిజంగా బొమ్మేనా, సైజు సరిగా ఉందా చూసుకున్నాకే అసలు పేరుకి మారుస్తూ వచ్చాను. దించిన టైము చూసి తాజాదే అనుకోవద్దు, సర్వర్ ఒక్కోసారి అదే పాత బొమ్మని మళ్ళీ మళ్ళీ ఇస్తుంది. అందుకే చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు లాంటి సంఖ్య) పోల్చి, శాటిలైట్ బొమ్మ వరసగా మూడుసార్లు మారకపోతే పైన ఎర్ర పట్టీ మీద "ఈ మ్యాపు పాతది" అని వచ్చేలా పెట్టాను. బొమ్మల మీద రాతలు వేసే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాముతో ఆ పట్టీ మీద తెలుగు రాస్తే మొదట ఒత్తులన్నీ విడిపోయాయి, అక్షరాలని సరిగా కూర్చే పాంగో ద్వారా రాయిస్తే కుదిరింది. ఇంకోటి, మ్యాపు మీద ఉండేది యూటీసీ టైము, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైము. 06:00 అని ఉంటే మనకి పొద్దున్న 11:30, పిల్లలు మాత్రం ఆరు గంటలదే అనుకుంటారు. మన టైము కూడా పెద్దగా వేయండి.

కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. నా పాత మోడల్ రాస్‌బెర్రీ పైలో గడియారం బ్యాటరీ లేదు, కరెంటు పోయి వచ్చాక నెట్ అందేదాకా పాత టైమే చూపిస్తుంది, అంతవరకు ఏ లెక్కా నమ్మొద్దు. ఉన్నట్టుండి ఆగిపోతే మెమరీ కార్డు కూడా పాడవుతుంది, నాకు రెండుసార్లు పోయింది. చిన్న యూపీఎస్ పెట్టండి, కార్డుకి ఇంకో కాపీ తీసి టీవీ వెనకే టేపుతో అంటించి ఉంచండి.