మే నెలలో ‘ఇవాళ్టి చందువ’ ఎక్కడిది?

ప్రశ్న: పిల్లల సెలవులని మే రెండో వారంలో హనుమకొండ నుంచి వైజాగ్ వెళ్లాం. బీచ్ రోడ్డులో సముద్రం కనబడే రెస్టారెంట్లో కూర్చున్నాం. మెనూలో చందువకి (పాంఫ్రెట్ చేప) ధర లేదు, ‘బరువును బట్టి’ అని ఉంది. ‘పొద్దున్నే పడవలోంచి దిగిందండీ’ అంటే రెండు చెప్పాం. ముక్క పట్టుకుంటే పిండిలా రాలిపోయింది. చేపలకే 2,800 రూపాయలు, పైన సర్వీస్ చార్జి. మేం కొర్రమీను, రవ్వ తినేవాళ్లం. సముద్రపు చేప అలాగే ఉంటుందా, లేక మోసపోయామా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ నాలుక తప్పేం లేదు తల్లీ. తాజా చందువ ముక్క పొరలు పొరలుగా విడుతుంది గానీ పిండిలా రాలదు. ఒకసారి ఐసు విప్పి, మళ్లీ ఐసులో పెట్టిన చేప అలా అవుతుంది.

అసలు సంగతి మీరు వెళ్లిన నెలలోనే ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజను ఉన్న పడవలేవీ వెళ్లవు. ఇంజను లేని తెప్పలకి మినహాయింపు ఉంది, అవి ఒడ్డు దగ్గర తెచ్చేది కొంచెమే. బీచ్ రోడ్డు హోటళ్లన్నిటికీ రోజూ చందువలు అందించేంత ఎక్కడ వస్తాయి? మే నెలలో ‘పొద్దున దిగింది’ అంటే చాలాసార్లు కోల్డ్ స్టోరేజీలోంచి దిగిందనే. కోల్డ్ స్టోరేజీదని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. దాచి, తాజా ధర తీసుకోవడమే తప్పు.

నేను 24 ఏళ్లు హోటళ్లకి చేపలు కొన్నాను. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్లో వేలంపాట మొదలవకముందే టార్చి పట్టుకుని గంపల మధ్య తిరిగేవాణ్ణి. మొదట కన్ను. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు మెరుస్తూ ఉంటుంది. పాతబడ్డ కొద్దీ లోపలికి పోయి, పైన పాలపొర కమ్ముతుంది. తర్వాత మొప్ప ఎత్తాలి. లోపల నెత్తురు ఎరుపు ఉండి, జిగురు నీళ్లలా పలచగా ఉంటే సరే. ఇటుక రంగుకి తిరిగి, జిగురు చిక్కగా వేలికి అంటుకుంటే గంప వదిలేసేవాణ్ణి. వీపు మీద వేలితో నొక్కితే సొట్ట వెంటనే పూడాలి. వాసన మాత్రం ఉప్పునీటిదే ఉండాలి, నీచు కొట్టకూడదు. ఒకసారి ఒకావిడ నా చెయ్యి పట్టుకుని మొప్పలో పెట్టించి, ‘బాబూ, చూపు కంటే వేలే గట్టి సాక్షి’ అంది. ఆవిడ అమ్మిన చేప ఏనాడూ తిప్పి పంపలేదు.

మీరూ అలాగే చెయ్యండి. పచ్చి చేపని పళ్లెంలో పెట్టి బల్ల దగ్గరికి తెమ్మనండి. మొహమాటపడొద్దు, మంచి చోట వాళ్లే సంతోషంగా తెస్తారు. మీ ఎదుటే తూచమనండి. ఆ బరువు కడగకముందుదా, శుభ్రం చేశాకదా అని అడగండి. రొయ్యల్లో ఈ తేడా మరీ ఎక్కువ, తలా పెంకూ పోతే దాదాపు సగమే మిగులుతుంది. కిలో ధర ఎంత, మొత్తం ఎంతవుతుంది అన్నది వంట మొదలుపెట్టకముందే చెప్పించుకోండి. చేప చూపించలేమంటే పప్పుచారుతో తినేసి లేవండి, నిజంగానే చెబుతున్నాను.

మే నెలలో అయితే చెరువు వనామీ రొయ్యలు, పెంపకం పండుగప్ప అడగండి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఎప్పుడూ వస్తుంటాయి, నిషేధంతో పనిలేదు. పెంపకందని చిన్నచూపు వద్దు. తవా మీద కొద్ది కారం, ఉప్పు, నిమ్మరసంతో వేయించమనండి. మందంగా పిండి పట్టించిన మసాలా ఏ చేపనైనా కప్పేస్తుంది.

సర్వీస్ చార్జి గురించి: మిమ్మల్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసెయ్యమని అడగండి, వినకపోతే 1915కి ఫోను చెయ్యండి. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. బిల్లు దాచుకునే ఉంటే ఇప్పుడైనా ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: డిసెంబరులో భీమిలి వైపు ‘పులస పులుసు’ బోర్డు చూశాం. తినొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తినండి, కానీ ఇలస ధరకి. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలసే. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఎదురీదితేనే పులస అవుతుంది. డిసెంబరులో ఆ నీరే ఉండదు.

ప్రశ్న: మా అయిదేళ్ల బాబుకి ముల్లు భయం లేకుండా ఏ చేప పెట్టాలి?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: కోనాం, అదే వంజరం. గుండ్రటి ముక్కలో నడుమ ఒక్క పెద్ద ఎముకే ఉంటుంది, అది తీసేసి పొట్ట వైపు ఒక్కసారి వేలితో తడిమి చూసుకుని పెట్టండి. సన్నముళ్లు ఎక్కువుండే కవళ్లు మాత్రం ఇంకో రెండేళ్లు ఆగాక పెట్టండమ్మా.