కిడ్నీ మార్పిడి తర్వాత రక్తంలో ఇన్‌ఫెక్షన్.. మాత్ర ఎందుకు ఆపారు?

ప్రశ్న: మావారికి ఐదు నెలల క్రితం కిడ్నీ మార్పిడి జరిగింది. చలిజ్వరం వస్తే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేశాను. తగ్గక ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని ఇంజెక్షన్ మార్చారు, మైకోఫెనోలేట్ మాత్ర ఆపారు. కిడ్నీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ మాత్ర ఆపింది కావాలనే. కొత్త కిడ్నీ మీద దాడి చేయకుండా తెల్లరక్తకణాలను కట్టిపడేసేది అదే, ఇప్పుడు ఆ కణాలతోనే పని పడింది కాబట్టి కొన్నాళ్లు కాస్త పట్టు సడలిస్తారు. ఇలాంటి పనే చేసే టాక్రోలిమస్, స్టెరాయిడ్ మాత్రం డాక్టర్ చెప్పినట్టే వాడాలి, మీ అంతట మీరు ఆపొద్దు. ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోతే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ తగ్గాక చాలామందిలో దిగుతుంది. ఇది ప్రమాదకరమైన జబ్బే, కాదనను. అయినా ముందు ప్రాణం చూస్తాం, కిడ్నీకి అవసరమైతే డయాలసిస్ ఉంది.

ఇంజెక్షన్ మార్చారంటే మొదటి డాక్టర్ తప్పు చేశారని కాదు. రెండు చేతుల నుంచీ రక్తం తీసి సీసాల్లో పెడితే, బ్యాక్టీరియా పెరిగినట్టు తెలియడానికే సాధారణంగా ఒక రోజు, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి మరో ఒకటి రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా అంచనా మీదే వైద్యం. మీరు ఇంట్లో వేసిన యాంటీబయాటిక్ వల్ల ఒక్కోసారి సీసాలో ఏమీ పెరగదు, రోగం మాత్రం రక్తంలోనే ఉంటుంది. అదృష్టం బాగుండి ఈయన విషయంలో దొరికింది. రిపోర్టులో మందు పక్కన ‘ఆర్’ ఉంటే పనిచేయదని. ఆ కాగితం దాచండి, మళ్లీ జ్వరం వస్తే మొదట చూపించాల్సింది అదే.

ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. తరచూ మూత్రం నుంచే వస్తుంది, లోపల స్టెంటో గొట్టమో ఉంటే తీయాల్సి రావచ్చు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటే అది కిడ్నీకి భారం, కాబట్టి రోజూ క్రియాటినిన్ చూస్తారు.

ఇకపై 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, స్టెరాయిడ్ వల్ల జ్వరం కనబడకుండా వణుకు, నీరసం మాత్రమే ఉన్నా అదే రోజు మార్పిడి చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. సొంతంగా యాంటీబయాటిక్ వద్దు, క్లారిత్రోమైసిన్ లాంటివి టాక్రోలిమస్‌ను రక్తంలో విపరీతంగా పెంచేస్తాయి. ఆపిన మాత్ర మళ్లీ ఎప్పుడు, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.