అడగండి, తొందరేం లేదు

(టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన తంతి తాతయ్య జవాబులు)

ప్రశ్న: తాతయ్యగారూ, ముప్ఫై సెకన్ల రీళ్లు వచ్చాక ఈ తరానికి ఓపికన్నదే లేకుండా పోయింది. ఏమంటారు?
– విశ్రాంత లెక్చరర్, తెనాలి

జవాబు: అయ్యా, మీరు పంపింది పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్. విషయం ఓపిక గురించి కదా అని ఓపిగ్గానే మొదలుపెట్టాను. రెండో నిమిషంలో మా మనవరాలు వచ్చి స్పీడు డబుల్ చేసి వెళ్లింది. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2021లోనే వచ్చిందట, నాకెవరూ చెప్పలేదు. మీ రోజుల్లో అన్నీ నిదానంగా సాగేవన్న సంగతి అలా గబగబా తెలిసిపోయింది. ఏడో నిమిషం దగ్గర మాత్రం వెనక్కి తిప్పి మామూలు స్పీడులో విన్నాను. ఎవరినో "ఆ యాడ్ స్కిప్ చెయ్‌రా, ఐదు సెకన్లు ఎవడు చూస్తాడు" అని కసురుతున్నారు. గొంతు మీదే.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి బంధువులు ఒక పూలగుత్తి బొమ్మ, రెండు దణ్ణాలు ఫోన్లో పంపి చేతులు దులుపుకున్నారు. నోరారా నాలుగు మాటలు రాయలేరా?
– గృహిణి, విజయనగరం

జవాబు: రాసేవాళ్లు ఎప్పుడూ తక్కువేనమ్మా. మా ఆఫీసులో శుభాకాంక్షలకు నంబర్లుండేవి. ఫారం మీద నంబరు వేస్తే చాలు, అవతల ఊళ్లో పూర్తి ఆశీర్వచనం అచ్చయి చేరేది. ఒక ముహూర్తాల రోజున ఒకాయన పెళ్లికి దీపావళి నంబరు వేసి ఇచ్చాడు. "అయ్యా, ఇది దీపావళిది" అన్నాను. "ఏదో ఒకటి కొట్టండి సార్, బస్సు వెళ్లిపోతోంది" అన్నాడు. నేనే దిద్ది పంపాను. ఆ దంపతులు ఇప్పటికీ సుఖంగా ఉంటే అందులో నా వాటా కొంత ఉంది. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి తల్లి ప్రాణం మీదికొచ్చినా "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ" అని నాలుగు ముక్కల్లో తేల్చేవాళ్లు. ఆ సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. ఏళ్ల తరబడి మా వైపు చూడని జనం ఆఖరి రోజున మాత్రం క్యూ కట్టారు, జ్ఞాపకం కోసమట.

ప్రశ్న: టీవీ వార్తల వేగానికి కళ్లు తిరుగుతున్నాయి.
– కిరాణా వ్యాపారి, ఖమ్మం

జవాబు: పొద్దున ఆరింటి బ్రేకింగ్ న్యూసే రాత్రి అన్నాలప్పుడూ బ్రేకింగ్ న్యూసు. గానుగెద్దు కూడా తిరుగుతూనే ఉంటుంది, ఊరు దాటదు.

ప్రశ్న: రైళ్లు, విమానాలు లేని ఆ పాత రోజుల్లో పుట్టి ఉంటే ఎంత ప్రశాంతంగా ఉండేదో!
– కవి, అనంతపురం

జవాబు: మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాటే. దారిలో చూసిందంతా నిదానంగా రాసిపెట్టారు, మహానుభావుడు. అయితే ఆయన వెళ్లింది పల్లకీలో. ప్రశాంతత సంగతి మోసిన బోయీలను కూడా అడగాలి. మీరు ఏ వైపు పుడదామనుకుంటున్నారో రాయలేదు.

ప్రశ్న: లైఫ్ మరీ ఫాస్ట్ అయిపోయి టెన్షన్‌గా ఉంది. స్లో అవ్వాలి. ఈ వీకెండ్‌లోపు కుదిరే చిట్కా ఏదైనా ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వీకెండ్‌లోపు కష్టం నాయనా. సంక్రాంతి దాకా ఆగు. భోగి ముందు రోజు సాయంత్రం కారేసుకుని విజయవాడ హైవే ఎక్కు. చౌటుప్పల్ టోల్‌గేట్ కనబడేసరికి ఆటోమేటిగ్గా స్లో అయిపోతావు. పులిహోర కట్టించుకెళ్లు.

ప్రశ్న: పొద్దుననగా ప్రశ్న పంపాను. నీలి టిక్కులు కూడా పడ్డాయి. సాయంత్రమైనా జవాబు లేదేం?
– మళ్లీ తెనాలి నుంచే

జవాబు: అయ్యా, మాది మాసపత్రిక.