హీత్రో నుంచి ఆమ్‌స్టర్‌డ్యామ్: నాన్న చిట్టా పుస్తకం లెక్క

లండన్ హీత్రో నుంచి ఆమ్‌స్టర్‌డ్యామ్ స్కిపోల్‌కి ఎంత దూరం, ఫ్లైట్‌లో ఎంతసేపు అని అడిగారు. దూరం సుమారు 370 కిలోమీటర్లు, మన హైదరాబాద్-వైజాగ్ కంటే దగ్గరే. ఎంతసేపు అంటే మాత్రం అంత తేలిగ్గా తేలదు. దూరాన్ని విమానం వేగంతో భాగించేసి అరగంట అని చూపించే సైట్లున్నాయి, వాటి మొహం చూడకండి.

2019 ఏప్రిల్‌లో అమ్మానాన్న మా ఇంటికి వచ్చినప్పుడు, ట్యులిప్ తోటలు చూస్తానని అమ్మ పట్టుబడితే బయల్దేరాం. (యూకే వీసా ఉన్నా అక్కడికి షెంజెన్ అనే యూరప్ వీసా విడిగా తీసుకోవాలి, దాని కోసం పడ్డ తిప్పలు రాస్తే ఇంకో పేజీ అవుతుంది.) నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. టికెట్ చేతికివ్వగానే కళ్లజోడు సవరించుకుని, "ఏరా, పోయేటప్పుడు 9:00కి ఎక్కితే 11:20, వచ్చేటప్పుడు 12:00కి ఎక్కితే 12:20. తిరుమల ఘాట్లో కూడా ఎక్కడానికి, దిగడానికి ఇంత తేడా ఉండదురా!" అన్నారు. అక్కడ గడియారం గంట ముందుంటుంది, నిజానికి రెండువైపులా గంటా ఇరవయ్యే అని చెప్తే సరేనని, వాచీ మాత్రం లండన్ టైమ్‌లోనే ఉంచి, జేబులోంచి చిట్టా పుస్తకం తీశారు.

బండి కదిలింది 9:08. రన్‌వే కోసం క్యూ, గాల్లోకి లేచింది 9:33. నేల తాకింది 10:18. అంటే ఎగిరింది 45 నిమిషాలే. టీ ఇచ్చి, తాగేలోపే కప్పులు లాక్కున్నారు. దిగిపోయాం కదా అని నాన్న బెల్టు తీసి లేవబోతే ఎయిర్‌హోస్టెస్ కసిరింది. మేం దిగింది పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద, 2003లో కట్టారు, టెర్మినల్‌కి ఎంత దూరమంటే విమానం నేలమీదే పావుగంట పైన నడుస్తుంది. మధ్యలో హైవే మీద వంతెన దాటుతుంది, కిటికీలోంచి చూస్తే కింద కార్లు పోతున్నాయి. "ఊళ్లోకి దీంట్లోనే తీసుకెళ్తాడా ఏంటి?" అన్నారు నాన్న. తలుపు తీసింది 10:41. మొత్తం గంటా ముప్పై మూడు నిమిషాలు, అందులో సగం కూడా గాల్లో లేం. మీరు వేసుకోవాల్సిన లెక్క అదీ, ఎయిర్‌పోర్టుకి పోవడం, సెక్యూరిటీ అన్నీ దానికి అదనం.

370 అన్న అంకె నాకు పనికొచ్చింది ఒక్కసారే, తిరుగు ప్రయాణంలో. ఏదో టెక్నికల్ లోపమని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. అప్పటి యూరప్ రూలు ప్రకారం 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి మూడు గంటలు లేటైతే మనిషికి 250 యూరోలివ్వాలి. ఎయిర్‌లైన్ వాళ్లేమో 3:15కే దిగింది, రెండు గంటల యాభై ఐదు నిమిషాలే లేటు అన్నారు. నాన్న పుస్తకంలో చూస్తే "నేల 3:15, గేటు ఖాళీ లేదు, తలుపు 3:27" అని రాసుంది. చేరడమంటే చక్రం నేల తాకడం కాదు, తలుపు తెరవడం అని యూరప్ కోర్టు 2014లోనే తేల్చింది. ఆ తీర్పు జతచేసి, ఆ పేజీ ఫొటో పెట్టి రెండు నెలలు వెంటపడితే ముగ్గురికీ ఇచ్చారు.

ఫోన్‌లో ఈ సంగతి చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లేటైతే డబ్బులిస్తారా? ఈ లెక్కన మా డిపో ఎప్పుడో మూసేసేవాళ్లురా" అన్నారు.