కొత్తగా కోచ్ అయిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇండియానాలో స్కూల్లో సైన్సు టీచరుగా చేరావనీ, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అఫెన్స్ (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడే ఆట) బాధ్యత కూడా నీకే అప్పజెప్పారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. మర్నాడు నువ్వు పంపిన నోటుబుక్కు ఫొటోలు చూశాను. అరవై రెండు ప్లేలు (బంతితో ఎవరేం చేయాలన్న పథకాలు), పదకొండు ఫార్మేషన్లు (ప్లేకి ముందు ఎవరెక్కడ నిలబడాలన్న అమరికలు). అన్నీ శ్రద్ధగా గీశావు. కానీ వాటిలో యాభైకి పైగా ప్లేలు పక్కన పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం. మీ అమ్మ కూడా చదువుతానంది, అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా అక్కడక్కడా విడమరచి రాస్తాను. ఓపిక పట్టు.

నీ దగ్గర ముప్పై మంది పిల్లలున్నారు. లైన్లో, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునేవాళ్లలో రెండు వందల పౌన్లు దాటినవాడు ఒక్కడే. ఎదురయ్యేవేమో పెద్ద స్కూళ్లు. వాళ్లతో ఇరుకులో నిలబడి తోపులాటకి దిగితే రెండో క్వార్టర్ అయ్యేసరికి మన పిల్లలు అలిసిపోతారు. ఇరవై రెండేళ్లు ఒహాయోలో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు జట్టుతో గడిపినవాణ్ణి. ఇలాంటి జట్లే ఎక్కువ చూశాను. మైదానం వెడల్పు 53 గజాల ఒక అడుగు. అది రెండు జట్లకీ ఒకటే. బరువులో మనం తక్కువ కావచ్చు గానీ వెడల్పులో ఎవరికీ తక్కువ కాదు. ఆటగాళ్లని మైదానం అడ్డంగా పరిచి ఆడే స్ప్రెడ్ అఫెన్స్ మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

మన ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరిగేవి, మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది. కూతకెళ్లిన వాడు చేతులు పట్టుకుని గొలుసు కట్టిన వాళ్ల మీదికి నేరుగా పోడు. మూలనున్నవాణ్ణి ఒంటరిని చేస్తాడు. ముందుకు దూకాలా, వెనక్కి తగ్గాలా అని వాడు తటపటాయించిన ఆ అరక్షణంలో తాకి వచ్చేస్తాడు. మనం రిసీవర్లని, అంటే విసిరిన బంతిని (పాస్‌ని) అందుకునేవాళ్లని, రెండు పక్కలా దూరంగా నిలబెట్టేది కూడా అందుకే. డిఫెన్స్‌లో, అంటే మనల్ని ఆపే అవతలి జట్టులో, ఒక్కణ్ణి ఎంచుకుని, వాడు ఏం చేసినా తప్పయ్యేలా చూడాలి. నువ్వు గీసిన ప్రతి ప్లే పక్కనా ఒక ప్రశ్న రాసుకో: ఇందులో ఇబ్బంది పడేది ఎవరు? జవాబు లేని ప్లే ఎంత అందంగా ఉన్నా కొట్టెయ్.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మా ఇంటి నుంచి కారులో వెళ్లేంత దూరంలోనే మిడిల్‌టౌన్ ఉంది. 1958లో అక్కడి హైస్కూల్ కోచ్ టైగర్ ఎలిసన్ సీజన్ మొదట్లో గెలుపే లేక చిక్కుల్లో పడ్డాడు. అప్పుడాయన సెంటర్‌నీ (బంతిని వెనక్కి అందించేవాడు) క్వార్టర్‌బ్యాక్‌నీ (దాన్ని అందుకుని ఆట నడిపేవాడు) మధ్యలో దాదాపు ఒంటరిగా వదిలేసి, మిగతావాళ్లని రెండు పక్కలా దూరంగా పరిచేశాడు. దానికి లోన్‌సమ్ పోల్‌క్యాట్ అని పేరు. ఆ మార్పుతో సీజన్ మలుపు తిరిగింది. దాన్నే మెరుగుపరిచి రన్ అండ్ షూట్ అన్నారు. ఒరెగాన్‌లో మౌస్ డేవిస్ అదే పద్ధతితో 1973లో హిల్స్‌బొరో హైస్కూల్‌ని రాష్ట్ర ఛాంపియన్‌ని చేశాడు. టెక్సస్‌లో కొపరస్ కోవ్ హైస్కూల్లో పనిచేసిన హల్ మమ్మీ తర్వాత కాలేజీ జట్టుకి కోచ్‌గా వెళ్లి, మైక్ లీచ్‌తో కలిసి పాస్‌ల మీదే ఎక్కువగా ఆధారపడే ఎయిర్ రెయిడ్ పద్ధతిని తీర్చిదిద్దాడు. వీళ్లెవరూ సరదాకి విచిత్రాలు చేయలేదు. ఉన్న పిల్లలతో గెలిచే దారి వెతుక్కున్నారు.

నీ నోటుబుక్కులో ఎ-11 అనే ఫార్మేషన్ బొమ్మ కూడా ఉంది. దాని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పుడు చెల్లదు. 2007లో కాలిఫోర్నియాలో ఓక్లండ్ పక్కనున్న పీడ్‌మాంట్ హైస్కూల్లో కర్ట్ బ్రయన్, స్టీవ్ హంఫ్రీస్ దాన్ని తయారు చేశారు. మామూలుగా అయితే 50 నుంచి 79 దాకా నంబర్లు వేసుకున్న ఐదుగురు లైన్ మీద ఉండి తీరాలి. వాళ్లు పాస్ అందుకోకూడదు. కానీ కిక్ కొట్టే ఫార్మేషన్‌లో, అంటే వెనక ఒకడు కనీసం ఏడు గజాల దూరంలో నిలబడితే, ఆ నంబర్ల నిబంధనకి మినహాయింపు ఉండేది. వాళ్లు ప్రతి ప్లేకీ ఆ మినహాయింపు వాడుకున్నారు. పదకొండు మందీ పాస్ అందుకోదగ్గ నంబర్లే వేసుకున్నారు. నిజానికి ఏ ప్లేలోనైనా అర్హత ఉండేది ఆరుగురికే. ఆ ఆరుగురూ ఎవరో డిఫెన్స్ రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. గొప్ప బుర్ర. కానీ 2009 ఫిబ్రవరిలో జాతీయ హైస్కూల్ సమాఖ్య నిబంధన మార్చి ఆ దారి మూసేసింది. ఈ కథ నుంచి నువ్వు పట్టుకోవలసింది ఆ ఫార్మేషన్ని కాదు, నిబంధనల పుస్తకాన్ని వాళ్లు ఎంత లోతుగా చదివారన్నది. నువ్వూ అలా చదువు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, పెన్సిల్ పట్టుకుని.

చదవకపోతే ఏమవుతుందో నాకు అనుభవం. ఒక ఏడాది మేం ఎమరీ అండ్ హెన్రీ ఫార్మేషన్ పెట్టాం. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ అడ్డుకునే ఇద్దరు గార్డులు, వాళ్ల వెనక క్వార్టర్‌బ్యాక్, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. రెండు పక్కలా దూరంగా ఒక్కో టాకిల్ (మామూలుగా గార్డు పక్కన నిలబడి అడ్డుకునేవాడు), అతనితో ఇద్దరేసి రిసీవర్లు. ఎవరెక్కడున్నారో చూసుకునేసరికి డిఫెన్స్ కంగారుపడింది. మావాడు పాస్ అందుకుని డెబ్భై గజాలు పరిగెత్తి, అవతలి చివర గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. కానీ వెనక్కి తిరిగి చూస్తే నేల మీద పసుపు జెండా, అంటే తప్పు జరిగిందని అధికారి విసిరేది. చివర నిలబడ్డ రిసీవర్ లైన్ మీద ఉండాల్సినవాడు ఒక్క అడుగు వెనక నిలబడ్డాడు. దాంతో వెనక ఐదుగురయ్యారు. నలుగురికి మించి ఉండకూడదు. టచ్‌డౌన్ పోయింది, పైగా ఐదు గజాల పెనాల్టీ. ఆట ఓడిపోయాం. ఆ కుర్రాడు బస్సులో ఏడుస్తూ కూర్చున్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ఎక్కడ నిలబడాలో చెప్పాను గానీ ఎందుకు నిలబడాలో చెప్పలేదు. ఎందుకో తెలిస్తే వాడే లైన్ జడ్జి వైపు చూసి చెయ్యి చాపి, "నేను లైన్ మీదే ఉన్నానా సార్?" అని అడిగి సరిచేసుకునేవాడు. ఆ తర్వాత మా పిల్లలందరికీ అది అలవాటు చేశాను. నువ్వు మొదటి రోజు నుంచే చెయ్యి. ఇంకో మాట, వింత ఫార్మేషన్ ఏది వాడదలచుకున్నా ఆటకి ముందే అధికారులకి కాగితం మీద గీసి చూపించు. రహస్యం బయటపడుతుందని భయపడకు. వాళ్లు అవతలి జట్టుకి చెప్పరు. ముందే చూసి ఉంటే మైదానంలో తడబడి జెండా విసరరు.

ఇక ప్రతి స్నాప్‌కీ, అంటే సెంటర్ బంతి వెనక్కి అందించే ప్రతిసారీ, క్వార్టర్‌బ్యాక్ చేయాల్సిన లెక్క. నలుగురు రిసీవర్లని బయట పరిస్తే మధ్యలో మనకి అడ్డుకునేవాళ్లు ఐదుగురుంటారు. డిఫెన్స్ ఆ నలుగురి మీదా నలుగురిని పెట్టి, ఇద్దరు సేఫ్టీలని, అంటే చివరి కాపలావాళ్లని, వెనక ఉంచితే మధ్యలో మిగిలేది ఐదుగురే. ఐదుకి ఐదు. అప్పుడు పరిగెత్తాలి. ఒక ఎండ్‌ని, అంటే డిఫెన్స్ ముందు వరసలో చివరివాణ్ణి, కావాలనే అడ్డుకోకుండా వదిలేసి క్వార్టర్‌బ్యాక్ వాణ్ణి గమనిస్తే, ఇంకో మనిషి మనకి మిగులుతాడు. మధ్యలో ఆరుగురు కనిపిస్తే బయటో, వెనకో ఒకడు తగ్గినట్టే. వెంటనే బబుల్ స్క్రీన్ (పక్కనున్న రిసీవర్‌కి ఆలస్యం లేకుండా ఇచ్చే చిన్న పాస్), లేదా లోపలి రిసీవర్‌కి నిలువుగా పాస్. ఇదంతా బోర్డు మీద ఒక్క క్లాసులో చెప్పెయ్యొచ్చు, కానీ పదహారేళ్ల కుర్రాడు మూడు సెకన్లలో లెక్కపెట్టగలగడానికి రెండు నెలలు పడుతుంది. రోజూ ప్రాక్టీసు మొదట్లో పది నిమిషాలు బంతి లేకుండా డిఫెన్స్‌ని నిలబెట్టి, "ఎంతమంది?" అని అడుగు. వాడు ఐదు అనో ఆరు అనో అరవాలి, అంతే.

పెద్దగా ఎవరూ వాడని ఇంకో చిట్కా ఉంది, నాకు బాగా ఇష్టమైనది. హైస్కూల్ మైదానంలో, బంతి పెట్టే చోటుకి హద్దులైన హ్యాష్ గీతలు వెడల్పుని మూడు సమభాగాలు చేస్తాయి. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క మూడో వంతు, అవతలి పక్క మూడింట రెండు వంతులు. అందరూ ముగ్గురు రిసీవర్లని వెడల్పు పక్కే పెడతారు, డిఫెన్స్ కూడా అటే బలంగా సర్దుకోవడం నేర్చుకుని వస్తుంది. నువ్వు ముగ్గురినీ ఇరుకు పక్క పెట్టు. స్ప్రెడ్ అని చెప్పి ఇరుకులో పెట్టమంటాడేంటి అనుకోకు. డిఫెన్స్ అటు జరిగితే వెడల్పు పక్క మన ఒక్క రిసీవర్‌కీ రన్నింగ్ బ్యాక్‌కీ బోలెడంత ఖాళీ దొరుకుతుంది. జరగకపోతే ఇటు ముగ్గురికి ఇద్దరే. పైగా మన కుర్రాడు విసరాల్సిన దూరం తక్కువ. హైస్కూల్ పిల్లాడు మైదానం అడ్డంగా విసిరితే బంతి గాల్లో తేలుతూ పోతుంది, అవతలివాడు ఎదురొచ్చి పట్టుకుని అటు నుంచి అటే టచ్‌డౌన్‌కి పరిగెడతాడు. ఆ పాస్‌ని ఈ ఏడాది నీ పుస్తకంలోంచి పూర్తిగా తీసెయ్.

సెంటర్ గురించి రాయకుండా ఉండలేను. అందరూ క్వార్టర్‌బ్యాక్ ఎవరని అడుగుతారు. స్ప్రెడ్‌లో నేను ముందు వెతికేది సెంటర్‌ని. ప్రతి ప్లేకీ ఐదారు గజాల వెనకున్నవాడి ఛాతీకి బంతి అందించాలి, ఆ వెంటనే ఎదుటివాణ్ణి ఆపాలి. ఒక్క స్నాప్ తల మీదుగా పోతే ఇరవై గజాలు పోయినట్టే. లైన్లో బాగా బరువున్నవాణ్ణి కాకుండా, బాగా నిదానమైనవాణ్ణి ఎంచుకో. రోజూ అందరికంటే ముందు వచ్చి యాభై స్నాప్‌లు వెయ్యాలి. వారానికొకసారి బంతిని బకెట్లో ముంచి, తడిబంతితో వేయించు. అక్టోబరు వానలు నీకు తెలియనివి కావు. లైన్ వాళ్ల మధ్య మూడడుగుల దాకా ఎడం పెట్టించు. అప్పుడు ఎదుటి ఎండ్ క్వార్టర్‌బ్యాక్ దాకా రావడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి. ఎడం మధ్యలోంచి ఎవడైనా దూసుకొస్తే ముందు లోపలి దారి మూయాలన్న ఒక్క సూత్రం పిల్లలకి ఒంటబట్టాలి.

వేసవిలో ఏడుగురేసి పాస్‌లే ఆడే సెవెన్-ఆన్-సెవెన్ ఆటలు చూసి మురిసిపోవద్దు. అక్కడ మీదికి వచ్చేవాళ్లుండరు, ప్రతి క్వార్టర్‌బ్యాకూ గొప్పగానే కనిపిస్తాడు.

హడల్ లేకుండా, అంటే ప్లేకి ముందు గుంపుగా చేరి మాట్లాడుకోకుండా, వేగంగా ఆడాలని రాశావు. వేగం మంచిదే, కానీ మూడు పాస్‌లు కిందపడితే అర నిమిషంలో బంతి అవతలివాళ్లకి ఇచ్చేస్తాం. నీ దగ్గర ఉన్నది ముప్పై మందే, సగం మంది అఫెన్స్‌లోనూ డిఫెన్స్‌లోనూ ఆడతారు. ఊపిరి తీసుకోకుండానే డిఫెన్స్‌కి రావాలి. అందుకని మొదటి ప్లే కనీసం నాలుగు గజాలు తెస్తేనే వేగం పెంచు. లేకపోతే నిదానంగా పక్కకి చూసి సైగ అందుకోమను. అలాగే, ఆర్కన్సాలో పులాస్కీ అకాడమీ కోచ్‌గా ఉన్నప్పుడు కెవిన్ కెల్లీ దాదాపు పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి ఇచ్చేయడం) చేయకుండానే ఎన్నో రాష్ట్ర టైటిళ్లు గెలిచాడని ఉదాహరణ రాశావు. అది నిజమే. కానీ నాలుగో డౌన్‌లో, అంటే పది గజాలు తెచ్చుకోవడానికి ఉండే చివరి ప్రయత్నంలో, నమ్మకంగా మూడు గజాలు తెచ్చే ప్లే ఒకటి చేతిలో ఉన్నాక ఆ మాట ఆలోచిద్దాం.

మీ అమ్మ భయమల్లా దెబ్బల గురించి. ఆ భయం సబబే. విశాలంగా ఆడితే గుంపు తాకిడి తగ్గుతుంది గానీ, ఖాళీలో ఎదురెదురు పరుగు వేగం పెరుగుతుంది. మధ్యలో వెళ్లే రిసీవర్‌కి ఎత్తుగా బంతి వెయ్యొద్దని క్వార్టర్‌బ్యాక్‌కి గట్టిగా చెప్పు. చేతులు పైకెత్తినవాడికి పక్కటెముకలు కాచుకునే అవకాశం ఉండదు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, స్కోరు ఎంతైనా సరే. ఈ విషయంలో హెడ్ కోచ్ మాటకైనా ఎదురు చెప్పు. నేను నీ వెనక ఉంటాను.

మరి ఏం ఉంచుకోవాలి? రెండు ఫార్మేషన్లు, వాటిని అటూ ఇటూ తిప్పితే నాలుగు. రెండు పరుగు ప్లేలు, ఒక స్క్రీన్, మెష్ (ఇద్దరు రిసీవర్లు మధ్యలో ఎదురెదురుగా దాటుకునే పాస్ ప్లే), నాలుగు నిలువు రూట్ల ప్లే, రెండు చిన్న పాస్‌లు. ఆ వింత ఫార్మేషన్ ఒక్కటి, ఎమరీ అండ్ హెన్రీయే ఉండనీ. దాని నుంచి మూడే మూడు ప్లేలు. వారంలో పావుగంట దానికి కేటాయించు. అవతలి కోచ్ దానికి సిద్ధం కావడానికి తన ప్రాక్టీసులో అంతకంటే ఎక్కువ సమయమే పోగొట్టుకుంటాడు. ఆటలో నువ్వు దాన్ని వాడకపోయినా ఆ లాభం మనదే.

ఆదివారం ఉదయం ఫోన్ చెయ్యి. అప్పటికి పిల్లల పేర్లు, ఎత్తు, బరువు, ఎవడు ఎంత దూరం విసరగలడో కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో. సెంటర్ పేరు పైన రాయి. మిగతావి కూర్చుని గీద్దాం.

ఇట్లు,
నీ మేనమామ